ఎదుర్కోళ్ల దగ్గర ఆగిన బస్సు

మైసన్న ఎల్లారెడ్డి పొలిమేరలో దిగేసరికి పెండ్లి బస్సు మామిడితోట పక్కన, మొన్న ఎక్కడ ఆగిందో అక్కడే నిలబడి ఉంది. ముందర కట్టిన బంతిపూలు ఎండి వేలాడుతున్నాయి. బస్సు నీడలో నులక మంచం వేయించుకుని ఠాణా అమీను బన్సీధర్ మామిడిపండు తింటున్నాడు. పోలీసు పనంతా ముగిసిపోయి ఇక పండొక్కటే మిగిలిందన్నట్టుంది ఆయన వాలకం.

"ఖూనీ చేసిన మనిషి దొరికింది. ఇగ నువ్వొచ్చి చేసేదేంది?" అన్నాడు టెంక చీకుతూనే.

మైసన్న ఒకప్పుడు హైదరాబాదులో రహస్యాలు తవ్వే ఖుఫియా పోలీసు. పైవాళ్ల మాటకల్లా తలూపడం చేతగాక నౌకరీ వదిలేసి, పిలిచినవాళ్ల తరఫున కూపీలు లాగి బతుకుతున్నాడు. ఈసారి తంతి కొట్టి పిలిపించింది కామారెడ్డి దగ్గర పెద్ద సేద్యం ఉన్న గంగారాం పటేలు. చనిపోయిన రుక్మాబాయి ఆయనకు సొంత అక్క.

గంగారాం కొడుకు పెండ్లికి ఎడ్లబండ్లు మానేసి, ఆ దిక్కున ఎవరూ చేయని విధంగా ఒక బస్సును కిరాయికి మాట్లాడారు. యుద్ధం వచ్చి పెట్రోలు కరువైన కాలం కనుక అది బొగ్గు బస్సు. వెనకాల బిగించిన ఇనుప డ్రమ్ములో బొగ్గులు రాజేస్తే పుట్టే గ్యాసుతో ఇంజను నడుస్తుంది. ఇంజను ఆగినప్పుడు మంట ఆరకుండా డ్రమ్ములోకి గాలి కొట్టే పంకాను చేత్తో తిప్పుతూ ఉండాలి. ఆడవాళ్ల కోసం వెనక సీట్ల చుట్టూ మందపాటి పరదాలు కుట్టించారు. ఎల్లారెడ్డి పొలిమేరకు రాగానే ఎదుర్కోళ్ల కోసం బస్సు ఆగింది. పెండ్లికూతురి వాళ్లు బ్యాండుతో ఎదురొచ్చి, పానకం ఇచ్చి, పిలుచుకుని పోయేదాకా మగపెండ్లివారు ఊళ్లో అడుగు పెట్టకూడదు. ఆడవాళ్లందరూ హారతి పళ్లాలతో దిగారు. రుక్మాబాయి ఒక్కతే దిగలేదు. ఆమె విధవ. శుభమా అని వచ్చేవాళ్లకు ఎదురుపడకూడదని పరదాల వెనకే ఉండిపోయింది. వియ్యంకులిద్దరూ ముందు నువ్వంటే నువ్వని పంతాలకు పోయి ఆ తంతును సాగదీశారు. అంతా అయ్యాక పరదా తీసి చూస్తే ఆమెలో ప్రాణం లేదు.

పెండ్లి ఆగిపోయింది. పరదా సందులోంచి ఆమెకు పానకం గ్లాసు అందించింది ఈరవ్వ. అమీనుకు ఈ ఒక్క ముక్క తెలిసింది, ఇది చాలనుకున్నాడు. ఈరవ్వ, ఆమె భర్త బీరయ్య పిట్లంలో రుక్మాబాయి పొలాల్లో పనిచేసేవాళ్లు. పెండ్లి చాకిరికని వెంట వచ్చారు. బయలుదేరే రోజు పొద్దున చీర మీద నూనె ఒలకబోసిందని రుక్మాబాయి ఈరవ్వను నలుగురిలో నానా మాటలు అన్నదట. ఆ కక్షతో పానకంలో విషం కలిపిందని అమీను తేల్చేశాడు. మధ్యాహ్నం సర్వీసు బస్సు రాగానే ఆమెను కామారెడ్డికి తీసుకుపోయి, అక్కడ రైలెక్కించి నిజామాబాదు జైలుకు పంపుతానన్నాడు. అక్కడికి పోయాక ఆ బీదరాలి మాట వినేవాడెవడూ ఉండడు.

ఈరవ్వ తోట కంచె పక్కన మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చుని ఉంది. నెత్తి మీద ఎండ పడుతున్నా పక్కకు జరగలేదు. మొన్నటి నుంచీ నేను చేయలేదని ఒక్క మాట కూడా అనలేదట. మైసన్న దగ్గరికి పోయి పలకరించినా నోరు మెదపలేదు. చేసినవాళ్లు కూడా చేయలేదని మొత్తుకుంటారు, ఈమెకేమొచ్చిందని మైసన్నకు అప్పుడే అనుమానం తగిలింది.

శవాన్ని మొన్న సాయంత్రమే దహనం చేశారు. గంగారాం కళ్లు తుడుచుకుంటూ చెప్పిన సంగతుల్లో చావు గురించి మైసన్నకు పనికొచ్చింది ఒక్కటే.

"సచ్చిపోయినట్టే లేదు, మైసన్నా. మా అక్క ఇప్పుడే నిద్ర లేస్తదా అన్నట్టున్నది. చెంపలు ఎర్రగ, పెదిమెలు ఎర్రగ. తమలపాకు నమిలిందా అన్నట్టు."

విధవరాలికి తమలపాకు ఎక్కడిది? మైసన్నకు పాత సంగతొకటి గుర్తుకొచ్చింది. సికిందరాబాదులో ఒకసారి పటాలం లారీల షెడ్డు తలుపులు మూసుకుని పడుకున్న ఇద్దరు కూలీలను ఆయనే బయటికి లాగించాడు. ఒంటి మీద గాయం లేదు, నోట నురుగు లేదు. మొహాలు మాత్రం అలాగే ఎర్రగా ఉన్నాయి. ఆ షెడ్డులో ఇలాంటి బొగ్గు డ్రమ్మొకటి రాత్రంతా మండుతూ ఉండింది.

ఆయన చెప్పులు విడిచి బస్సెక్కాడు. పరదాలు కుట్టినవాడు పనిమంతుడే. కింది అంచులు నేలబల్లకు ఆనుతున్నాయి, పక్క అంచులు ఒకదాని మీదికొకటి వస్తున్నాయి. లోపల గాలాడదు. రుక్మాబాయి కూర్చున్న సీటు కింద మోకాళ్ల మీద వంగి వెతికాడు. డ్రమ్ము నుంచి ఇంజనుకు పోయే గొట్టం ఆ సీటు కిందుగానే పోతుంది. నేలబల్ల ఒకటి పట్టుకుని లాగితే చేతికి వచ్చేసింది. మేకులు లేవు. మేకులుండిన చోట చెక్క కొత్తగా తెల్లగా చీలి ఉంది. దాని కింద గొట్టం అతుకు కనిపించింది. అతుకు చుట్టూ తాడు చుట్టి మట్టి మెత్తారు. ఆ మట్టిని ఒక పక్క ఎవరో గీకేశారు. ఇనుము మీద కత్తి గీతలు మెరుస్తున్నాయి, తుప్పు ఇంకా పట్టలేదు.

డ్రైవరు అబ్రాహామును పిలిచి, అతుకుకు మట్టి మెత్తింది ఎప్పుడని అడిగాడు. కిరాయికి బయలుదేరే ముందు తానే మెత్తానని, అది ఊడిపోయే పని కాదని అబ్రాహాము చెప్పాడు. పెండ్లి ముందు రాత్రి బస్సు ఎక్కడుందంటే గంగారాం పటేలు దొడ్లో ఉందన్నాడు. కావలి ఎవరు పడుకున్నారంటే అబ్రాహాము ఒకసారి అటూ ఇటూ చూశాడు.

"లింగయ్య పటేలే పన్నడు సారూ. నువ్వింటికి పోయి కంటినిండ నిద్రపో, పొద్దుగాల బండి నడపాలె అన్నడు. మంచి మనిషనుకున్న."

"ఎదుర్కోళ్ల కాడ నువ్వేడున్నవ్?"

"బ్యాండోళ్లకు నీళ్లు తెమ్మని నన్ను బాయికాడికి తోలిండ్రు. ఇంజను బంద్ చేసి పోయిన. మంట ఆరకుండ పంకా తిప్పనీకె బీరయ్యను నిలవెట్టిండ్రు."

"తోలింది ఎవరు?"

"ఆయనే."

లింగయ్య రుక్మాబాయి మరిది. ఆమె భర్త పోయినప్పటి నుంచి ఆమె పొలాలన్నీ ఆయనే చూస్తున్నాడు. ఈ బస్సు కిరాయి మాట్లాడింది, పరదాలు కుట్టించింది కూడా ఆయనే. తెల్లటి ధోవతి, వాచిన కళ్లు, మెత్తటి మాట. పిలవగానే వచ్చి, మైసన్న కంటే ముందే చేతులు జోడించాడు. ఎదుర్కోళ్లప్పుడు బ్యాండు ముందరే ఉన్నానని, ఊరంతా చూసిందని చెప్పాడు. నిజమే, అందరూ చూశారు.

"వదిన దగ్గరికి పోనే లేదా?" అన్నాడు మైసన్న.

"ఒక్కపారి పోయిన. దూప గిట్ల అయితున్నదా, నీళ్లు కావాల్నా వదినా అని అడిగిన. ఏం లేదు, నువ్వు పో అన్నది."

"మొఖం చూసిన్రా?"

"పరదా తియ్యొద్దు కద."

"ఇంజను ఆపినంక మంట ఎందుకు ఆరనియ్యలే?"

"ఆరితే మళ్ల రాజేసుడు ఎంతసేపు? వియ్యపోల్ల ముంగట బస్సు కదలకపోతే మా ఇజ్జత్ ఏం గాను?"

తడుముకోవడం లేదు, తొందర లేదు. మైసన్న మాట మార్చి, రుక్మాబాయి తన పొలాలను తలంబ్రాలు కాగానే మేనల్లుడికి ఇస్తున్నానని నలుగురి ముందు చెప్పాలనుకున్నదట కదా అన్నాడు. ఈ సంగతిని అంతకుముందే గంగారాం మైసన్న చెవిలో వేశాడు. లింగయ్య ఒక్క క్షణం మైసన్న కళ్లలోకి చూశాడు.

"వదిన భూమి, వదిన ఇష్టం," అన్నాడు. తర్వాత పై కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. ముందు జవాబు చెప్పి తర్వాత ఏడ్చిన ఆ వరస మైసన్నకు నచ్చలేదు. బీరయ్యను కూడా పిలిపించి అడగాలనుకున్నాడు గానీ, సర్వీసు బస్సు వచ్చే వేళ దగ్గరపడుతోంది. ముందు అమీనును కదిలించకపోతే ఈరవ్వ చేతికి అందదు.

పానకంలో విషం లేదని, ఆమెను చంపింది బొగ్గు గ్యాసని మైసన్న చెప్పగానే అమీను పకపకా నవ్వాడు. నవ్వి ఊరుకున్నాడా అంటే, అదీ లేదు. జవాన్లందరూ వినేటట్టు నిలదీశాడు.

"కామారెడ్డి నుంచి ఈడిదాక ఆడోళ్లందరు గదే పరదల గూసున్నరు. పాటలు పాడుకుంట వచ్చిన్రు. ఒక్కదానికన్న తలనొప్పి వచ్చిందా? నీ గ్యాసు రుక్మాబాయిని ఏర్కొని సంపిందా?"

జవాన్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. మైసన్నకు ఒళ్లు మండింది. అయినా అమీను అడిగిన దాంట్లో పస ఉంది, అడగాల్సిన ప్రశ్నే అడిగాడు.

"ఇంజను నడుస్తుంటే గ్యాసునంత అదే గుంజుకుంటది, అమీన్ సాబ్. అతుకు ఊడినా బయటి గాలి లోపలికి పోతది గాని లోపలిది బయటికి రాదు. ఇంజను ఆపి పంకా తిప్పితే ఏమైతది? గ్యాసును గుంజెటోడు ఉండడు, ఎనక నుంచి నూకెటోడు ఉంటడు. ఏడ సందు దొరికితే ఆడ ఎల్తది. నా మాట నమ్మకున్రి. మీ కండ్లతోనే చూడున్రి."

వంటకని తెచ్చి, పెండ్లి ఆగిపోవడంతో బతికిపోయిన కోళ్లు గంప కింద ఉన్నాయి. మైసన్న ఒక పుంజును తెప్పించి, చిన్న గంపలో పెట్టి రుక్మాబాయి సీటు మీద ఉంచాడు. ఊడిన నేలబల్లను మేకులు కొట్టకుండా అలాగే పెట్టించాడు. అబ్రాహాము బొగ్గులు రాజేసి ఇంజను నడిపించాడు. పరదాలు దించారు. తోటలో ఉన్నవాళ్లందరూ బస్సు చుట్టూ మూగారు. లోపల పుంజు గొంతు చించుకుని అరుస్తూనే ఉంది. చాలాసేపయ్యాక పరదా తీస్తే రెక్కలు కొట్టుకుంటూ అమీను మీదికే దూకబోయింది.

"నీ కోడికి నీ కన్న అకల్ ఉన్నది," అన్నాడు అమీను.

మైసన్న పుంజును మళ్లీ గంపలోకి నెట్టాడు. పరదా దించి, ఇంజను ఆపమని సైగ చేశాడు. డ్రమ్ము పక్కనున్న పంకా పిడిని ఒక జవాను చేతికిచ్చి తిప్పమన్నాడు. పంకా గురగురలాడింది. పుంజు అరుపు కాసేపు వినిపించింది. తర్వాత గొంతు బొంగురుపోయింది. తర్వాత పంకా చప్పుడొక్కటే మిగిలింది. జవాను తిప్పుతూ తిప్పుతూ అమీను మొహంలోకి చూశాడు. అమీను చెయ్యి పైకెత్తి ఆపమన్నాడు.

పరదా తీసి, గాలి పోనిచ్చి, మైసన్న గంపను కిందికి దించాడు. పుంజు మెడ వాల్చి పడి ఉంది. ఈకైనా చెదరలేదు. తురాయి మాత్రం మందారంలా ఎర్రబారింది. అది చూడగానే గంగారాం నేల మీద కూలబడ్డాడు. "మా అక్క మొఖం గిట్లనే ఉండే," అన్నాడు.

అమీను మంచం మీద నుంచి లేచాడు. మూర్ఖుడు కాడాయన, బద్ధకస్తుడు. ఎదురుగా కనిపించినదాన్ని కాదనడు. కానీ చేతిలో ఎవరినో ఒకరిని పట్టుకోకుండా ఇంటికి పోవడం ఆయనకు అలవాటు లేదు. అయితే ఇది బండి నడిపినవాడి తప్పని, ఈరవ్వను వదిలి అబ్రాహామును తీసుకుపోతానని అన్నాడు. మైసన్న అమీను చెయ్యి పట్టుకుని బస్సులోకి తీసుకుపోయి, కత్తి గీతలను, మేకులు పెరికిన చెక్కను చూపించాడు. బండి మీదే బతికేవాడు దాని అతుకు తానే గీకి, దాని పక్కనే కూర్చుని ఇంత దూరం నడపడని చెప్పాడు.

"ఇది తెలిసి చేసిన పని. ఆమె బయటికి రాదని తెలిసినోడు చేసిండు. ఊపిరి ఆడకపోయినా రాదు. తన మొఖం కండ్లవడితే పెండ్లికి కీడంటరని, సచ్చేదాక ఆడనే గూసున్నది." చంపినవాడి మీద మైసన్నకు ఎంత కోపం వచ్చిందో, ఆ మనిషిని ఆ పరదా వెనక కూర్చోబెట్టిన పెద్దల మీద కూడా అంతే వచ్చింది.

కంచె దగ్గర నుంచి ఈరవ్వ ఎప్పుడు లేచి వచ్చిందో ఎవరూ చూడలేదు. చచ్చిపడిన కోడిని చూస్తూ నిలబడి ఉంది. మొన్నటి నుంచి మూసుకున్న నోరు అప్పుడు తెరిచింది.

"గ్లాసుల ఏం లేకుండెనా, సారూ?"

"ఏం లేకుండె, ఈరవ్వా. అది ఉత్త పానకమే."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపో, సంతోషమో తెలియని చప్పుడొకటి వచ్చింది. మైసన్న ఆమెను మామిడిచెట్టు నీడలో కూర్చోబెట్టి నీళ్లు తాగించాడు. నీకు నువ్వుగా ఉరికంబం ఎక్కడానికి ఎందుకు సిద్ధపడ్డావని మెల్లగా అడిగాడు.

"గ్లాసు నాకు తెచ్చిచ్చింది మా ఇంటాయన," అంది ఈరవ్వ. "పెద్దవ్వకు ఇయ్యి అన్నడు. ఇచ్చిన. ఆయన మళ్ల పోయి పంకా తిప్పుకుంటనే ఉన్నడు. జరసేపటికి పెద్దవ్వ మెల్లగ పిలిచింది. తల తిరుగుతున్నదే ఈరవ్వా, కండ్లు కనవడ్తలేవే అన్నది. నేను పరద మీద చెయ్యేసిన. మా ఇంటాయన నా చెయ్యి వట్టుకున్నడు."

"ఏమన్నడు?"

"లింగయ్య పటేలు తియ్యొద్దన్నడు, ఎదుర్కోళ్లు అయ్యేదాక ఎవలు తీసినా నీ తోలు తీస్త అన్నడు, నన్ను పంకా ఆపకుంట తిప్పుమన్నడు అని మా ఇంటాయన చెప్పిండు. నేను చెయ్యి తీసిన." ఆమె తన అరచేతిని చూసుకుంది. "పెద్దవ్వ సచ్చిపోయినంక అనుకున్న, ఈయన గ్లాసుల ఏమో కలిపిండు, అందుకే తియ్యనియ్యలేదని. ఎట్ల చెప్పాలె సారూ? నేను పోయినా మంచిదే, ఆయన మిగుల్తడనుకున్న."

భర్తే హంతకుడని నమ్మి, అతని కోసం రెండు రోజులుగా నోరు కట్టుకుని కూర్చుంది ఈమె. అతనేమో ఏమీ తెలియకుండా, చెప్పిన పని చేస్తున్నాననుకుంటూ పంకా తిప్పాడు. మైసన్న ఆమె తల మీద చెయ్యి వేసి, నీ పెనిమిటి ఏ పాపం ఎరగడని చెప్పాడు. చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. పంకా తిప్పమన్నది, పరదా తియ్యొద్దన్నది ఎవరో నోటితో చెప్పగలిగిన మనిషి బీరయ్య ఒక్కడే. లింగయ్యను ఉరికంబం దాకా తీసుకుపోయే సాక్ష్యం ఆ ఒక్కడి దగ్గరే ఉంది.

"బీరయ్య ఏడి?" అని అరిచాడు.

అతను ఎప్పుడు వెళ్లాడో చుట్టూ ఉన్నవాళ్లు గమనించలేదు. అందరూ కోడినే చూస్తున్నారు కదా. చివరికి గేటు దగ్గరి జవాను ముందుకొచ్చాడు. పుంజు గొంతు బొంగురుపోయినప్పుడే లింగయ్య పటేలు గుంపులోంచి తప్పుకున్నాడని, పిట్లం పోయి దినాల ఏర్పాట్లు చూడాలన్నాడని, ఊళ్లోవాళ్ల ఎడ్లబండి కట్టించుకుని వెళ్లిపోయాడని చెప్పాడు. బండి తోలడానికి బీరయ్యను ఎక్కించుకున్నాడు. దొర పిలిస్తే బీరయ్య ఎందుకని అడిగే మనిషి కాడు.

"బండి ఏ దిక్కు పోయింది?" అన్నాడు అమీను. ఆయన గొంతులో వెటకారం లేదు.

"నాగిరెడ్డిపేట దిక్కు, సాబ్."

గంగారాం అదిరిపడి లేచాడు. పిట్లం పోయే బాట అది కానే కాదు. ఆ బాటను పట్టుకుపోతే పోచారం చెరువు కట్ట వస్తుంది. ఎండాకాలంలో కూడా కట్ట కింద నిలువెత్తు నీళ్లుంటాయి. ఈ వేళప్పుడు ఆ దారిన మనిషి జాడ ఉండదు.

అబ్రాహాము అప్పటికే ముందు సీట్లో కూర్చున్నాడు. డ్రమ్ములో బొగ్గులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. అమీను ఎవరూ చెప్పకుండానే పరదాలను రెండు చేతులా పట్టుకుని పీకి బయట పారేశాడు. ఎక్కండని జవాన్లను కసిరి, మైసన్నకు తన పక్కన చోటిచ్చాడు. ఇంజను దగ్గి, ఊగి, అందుకుంది.

ఈరవ్వ పరిగెత్తుకుంటూ వచ్చి మెట్టు మీద నిలబడి కమ్మీ పట్టుకుంది. దిగమని మైసన్న అనలేదు. ఆమె ఆయన వైపు వంగి, చాలా నెమ్మదిగా చెప్పింది.

"మా ఇంటాయనకు ఈత రాదు, సారూ."